ఆ గంటకు ఎవరు కట్టాలి?

సాయంత్రం నాలుగున్నర దాటితే అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల మీద రెండు రకాల మనుషులు కనిపిస్తారు. వీపున బ్యాగుతో మైత్రీవనం వైపు, ఆదిత్య ట్రేడ్ సెంటర్ వైపు గబగబా పోయేవాళ్లు ఒక రకం. పైథాన్, జావా నేర్చుకుని ఉద్యోగం కొట్టాలని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. రెండో రకం వాళ్లు నెమ్మదిగా దిగుతారు. ఒక చేత్తో పిల్లాడి మణికట్టు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, లావుపాటి ఫైలు ఉన్న సంచి మోస్తూ నడిచే అమ్మలు. ఎక్కడో హారన్ గట్టిగా మోగుతుంది. పిల్లాడు రెండు చెవులూ మూసుకుని ఫుట్‌పాత్ మీదే కూలబడతాడు. పోయేవాళ్లు ఒక్క క్షణం ఆగి, ఏం పెంపకమో అన్నట్టు చూసి వెళ్లిపోతారు. ఆ చూపులు ఆమెకు అలవాటే. పిల్లాణ్ని లేపి, బుజ్జగించి, కోచింగ్ బోర్డుల సందులో ఉన్న ఇరుకు మెట్లెక్కి రెండో అంతస్తుకు తీసుకెళ్తుంది.

పైన చిన్న వరండా. గోడ వెంబడి ప్లాస్టిక్ కుర్చీలు. తలుపు దగ్గర చిన్న చిన్న చెప్పుల జతలు. లోపల నలభై ఐదు నిమిషాల స్పీచ్ థెరపీ నడుస్తుంటే బయట కూర్చున్న తల్లులు ఒకరి పిల్లల సంగతి ఒకరు అడుగుతుంటారు. పిలిస్తే తిరుగుతున్నాడా? కళ్లలోకి చూస్తున్నాడా? రాత్రి నిద్రపోనిస్తున్నాడా? దాహమేస్తే అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లే ఐదేళ్ల పిల్లాడు ఒకరోజు "నీళ్లు" అన్నాడంటే, ఆ పూట వరండా అంతా పండగే.

ఆ మాట వెనకాల ఒక బిల్లు ఉంటుంది. ఫీజు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కానీ, లెక్క కోసం ఒక సెషన్‌కు 700 రూపాయలు అనుకుందాం. వారానికి స్పీచ్ థెరపీ మూడు, ఆక్యుపేషనల్ థెరపీ మూడు. వారానికి 4,200. నెలకు 16,800. ఏడాదికి రెండు లక్షల పైనే. బడి ఫీజు, ఆటో ఖర్చు, ఇంటి అద్దె దీంట్లో లేవు. పైగా ఇది ఒక ఏడాదిలో తేలిపోయే వ్యవహారమూ కాదు.

ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినం. ఐక్యరాజ్యసమితి 2007లో తీర్మానం చేస్తే 2008 నుంచి దేశదేశాల్లో జరుపుకుంటున్నారు. నీలం దీపాలు వెలుగుతాయి, నడకలు జరుగుతాయి, వేదికల మీద మంచి మాటలు వినిపిస్తాయి. అవన్నీ అవసరమే. అయితే వరండాలో కూర్చున్న తల్లిదండ్రులు ఇప్పుడు అడుగుతున్నది అవగాహన గురించి కాదు. గుండెకు, కిడ్నీకి కట్టినట్టే మా పిల్లల థెరపీకి కూడా ప్రభుత్వం కట్టాలి అంటున్నారు.

డయాలసిస్‌కు కుదిరిన లెక్క

ఈ కోరిక అసాధ్యమని కొట్టిపారేసేవాళ్లు మన రాష్ట్రం ఇప్పటికే ఏమేం చేస్తున్నదో ఒకసారి చూడాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద ఇళ్లను ఆసుపత్రి అప్పుల నుంచి కాపాడిన పథకం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. 2024 జులైలో మరో 163 చికిత్సలు చేర్చడంతో జాబితా 1,835కు చేరింది. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో ఏ రోజు చూసినా ఆరోగ్యశ్రీ కౌంటర్ ముందు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు బారులు తీరి ఉంటారు. ఎముకల ఆసుపత్రిగా పుట్టి ఇంత పెద్ద సంస్థ అయిన నిమ్స్‌కు, థెరపీ కేంద్రాల బోర్డులున్న అమీర్‌పేట వీధులకు మధ్య దూరం మెట్రోలో ఒక్క స్టేషన్.

ఈ పథకం ప్రధానంగా ఆపరేషన్‌కు, పడకకు, చేరిన రోజు నుంచి డిశ్చార్జి దాకా అయ్యే ఖర్చుకు కడుతుంది. ఆటిజానికి ఆపరేషన్ లేదు. దాన్ని పోగొట్టే మందూ లేదు. పిల్లాడితో నేల మీద కూర్చుని, బొమ్మ చేతికిచ్చి, వాడు చూసేదాకా ఆగి, మాట కలిపి, ఒక పనిని వందసార్లు చేయించే ఓపికగల మనిషి కావాలి. వైద్యం అంటే ఇక్కడ ఆ మనిషి కేటాయించే గంటలే. గంటలకు డబ్బు కట్టే పద్ధతి పథకంలో లేదని అధికారులు అంటారనుకుంటే, డయాలసిస్ సంగతేమిటి? కిడ్నీలు పాడైనవాళ్లకు ఇన్ని సిట్టింగులని లెక్కగట్టి, ఏళ్ల తరబడి ప్రభుత్వం కడుతూనే ఉంది. జబ్బు నయం కాదని తెలిసే కడుతోంది. మనిషి బతకాలి కాబట్టి కడుతోంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కాక్లియర్ ఇంప్లాంట్. పుట్టుకతో చెవుడున్న పిల్లలకు లోపలి చెవిలో పరికరం అమర్చే ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీలో మొదట్లోనే చేర్చారు. పరికరం పెట్టినంత మాత్రాన మాట రాదు. శబ్దాన్ని గుర్తుపట్టడం, దాన్ని తిరిగి పలకడం నేర్పాలి. అందుకే ఆపరేషన్ తర్వాత ఇచ్చే ఆడిటరీ వెర్బల్ థెరపీకి కూడా ప్యాకేజీలు పెట్టారు. అంటే చెవి వినపడని పిల్లకు మాట నేర్పే గంటలకు ఖజానా నుంచి డబ్బు వెళ్తోంది. చెవి చక్కగా వినపడుతూ మాట రాని పిల్లకు, ఏళ్లపాటు సాగే థెరపీకి, అలాంటి ఏర్పాటు లేదు. ఇద్దరు తల్లులూ కాచుకున్నది ఒక్క పిలుపు కోసమే కదా! ఈ తేడాకు వైద్యపరమైన కారణం ఏదీ నాకు కనిపించదు. ఆపరేషన్ ఉన్నచోట బిల్లు రాయడం సులువు. లేనిచోట ఎవరూ కూర్చుని రాయలేదు. అంతే.

> కాగితం మీద ఉన్నవి
>
> 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి ఏడు రకాల వైకల్యాలే. ఆటిజం వాటిలో లేదు.
>
> 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరు పెట్టి గుర్తించింది. 'మేం పోయాక మా పిల్లలకు ఎవరు?' అని తల్లిదండ్రులు ఏళ్లపాటు అడిగిన ప్రశ్నే దాని వెనకున్న బలం.
>
> 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ఇందులో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం వాటిలో ఒకటి. 25వ సెక్షన్ ఆదాయ పరిమితికి లోబడి దగ్గరలోనే ఉచిత వైద్యం అందాలంటుంది. 31వ సెక్షన్ 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఇస్తుంది. పునరావాస సేవల గురించి చెప్పే 27వ సెక్షన్‌లో మాత్రం 'ఆర్థిక స్తోమత మేరకు' అనే షరతు ఉంది.

లావెక్కే ఫైలు

ఆ స్తోమత అనే మాట దగ్గరే హక్కులన్నీ ఆగిపోతున్నాయి. సంచిలోని ఫైలు ఏటేటా లావెక్కడానికి కారణమూ అదే. హక్కు కావాలంటే ముందు సర్టిఫికెట్ కావాలి.

ఒక పిల్లకు ఆటిజం ఏ స్థాయిలో ఉందో కొలవడానికి దేశమంతా వాడే భారతీయ కొలమానం ఐ.ఎస్.ఎ.ఎ. తయారైంది మన సికింద్రాబాద్‌లోనే. మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ దీన్ని 2009లో తెచ్చింది. అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. కొలమానంలో 40 అంశాలుంటాయి. చూపు కలపడం నుంచి నొప్పి తెలియడం దాకా ఒక్కోదానికీ మార్కులు వేస్తారు. మొత్తం 70కి చేరితే ఆటిజం అంటారు. బడిలో ఎక్కువ మార్కులొస్తే సంబరపడే తల్లిదండ్రులు ఇక్కడ మార్కులు తగ్గాలని మొక్కుకుంటారు. మరుక్షణమే, తగ్గితే సర్టిఫికెట్ రాదేమోనని బెంగపడతారు.

కొలమానం మన ఊళ్లో పుట్టినా, సర్టిఫికెట్ మన ఊళ్లో తేలిగ్గా దొరకలేదు. వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపుల్లో ఏళ్లపాటు కాళ్లు, కళ్లు, చెవులు, బుద్ధిమాంద్యం అనే గడులే ఉండేవి. ఆటిజం పిల్లలను బుద్ధిమాంద్యం గడిలో పడేసి పంపించేవారు. 2025లో తెలంగాణ సదరం నుంచి కేంద్రం నడిపే యూడీఐడీ కార్డు విధానానికి మారాక 21 రకాలకూ చోటు దొరికింది. ఇది చిన్న మార్పు కాదు. పింఛనుకైనా, రాయితీకైనా, బడిలో సీటుకైనా ఆ కార్డే ఆధారం.

ఇక డబ్బు సంగతి. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000. ఇందాక వేసిన లెక్కలో 4,016 ఒక వారం థెరపీకి కూడా సరిపోదు. నేషనల్ ట్రస్ట్ నడిపే 'నిరామయ' బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది. థెరపీ కూడా దాని కిందికి వస్తుంది. కానీ ముందు చేతి నుంచి కట్టి, బిల్లులు పంపి, తిరిగి వచ్చేదాకా ఎదురుచూడాలి. చేతిలో డబ్బు లేనివాళ్లు ముందుగా ఎక్కణ్నించి కడతారు? ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు 80డీడీ కింద 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉంది. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే అదీ పోతుంది.

ప్రభుత్వ కేంద్రాలు అసలే లేవనడం అన్యాయం. మనోవికాస్‌నగర్ జాతీయ సంస్థలో 2021 జూన్‌లో, చిన్న వయసులోనే వైకల్యాన్ని గుర్తించి సాయం మొదలుపెట్టే కేంద్రం ప్రారంభమైంది. దేశం మొత్తం మీద ఆ రోజు తెరిచిన 14 కేంద్రాల్లో అదొకటి. పిల్లల ఆరోగ్యం కోసం 2013లో కేంద్రం ప్రారంభించిన ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం కింద జిల్లాకో సత్వర చికిత్సా కేంద్రం ఉండాలి. మన దగ్గర నీలోఫర్ ఆసుపత్రిలో అది నడుస్తోంది. పీడియాట్రిషన్, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు ఒకే చోట ఉండాలన్నది దాని ఉద్దేశం. గుర్తించడానికి, దారి చూపడానికి ఇవి ఎంతో మేలు. కానీ కోటి మంది దాటిన నగరంలో, వారానికి ఐదారు సార్లు రావలసిన పిల్లలందరినీ ఒకటి రెండు చోట్ల కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే ఆ తల్లి మళ్లీ అమీర్‌పేట మెట్లే ఎక్కుతుంది.

ఇంట్లో ఎవరు ఏం వదులుకున్నారు?

మొదట వదులుకునేది అమ్మ ఉద్యోగం. పగటిపూట థెరపీ, మధ్యలో బడి నుంచి 'తీసుకెళ్లండి' అని ఫోను. ఏ ఆఫీసు అన్ని పర్మిషన్లు ఇస్తుంది? నాన్న జీతం ఒక్కటే మిగులుతుంది, దానికితోడు ఆయన రెండో పని చూసుకుంటాడు. జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల్లో నాన్న ఊళ్లోనే ఉండిపోతాడు. అమ్మా బిడ్డా యూసుఫ్‌గూడలోనో, బోరబండలోనో ఒక గది అద్దెకు తీసుకుంటారు. శనివారం రాత్రి బస్సుకు ఆయన రావడం, ఆదివారం రాత్రి వెళ్లిపోవడం. తోబుట్టువు ఉంటే ఆ పిల్లో పిల్లాడో అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. ఆ పిల్లల సంగతి ఎవరూ రాయరు. వాళ్లూ ఈ ఖర్చులో భాగమే.

రోగం పేరు తెలియక ముందే కొంత కాలం పోతుంది. 'వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకు గానీ మాట రాలేదు' అంటుంది నానమ్మ. ప్రేమతోనే అంటుంది. 'ఫోన్ ఇచ్చి ఇచ్చి ఇలా చేసింది' అంటారు బంధువులు. అది ప్రేమ కాదు. తప్పంతా తల్లి మీద వేసేస్తే మిగతావాళ్లకు పని ఉండదు. ఆటిజం ఒకరి పెంపకం వల్ల రాదని వైద్యం ఎప్పుడో తేల్చేసినా, పెళ్లిళ్లలో పేరంటాల్లో ఆ మాట ఇంకా తల్లిని వెంటాడుతూనే ఉంది. చాలామంది వెళ్లడమే మానేశారు.

ఆశకు రేటు కట్టేవాళ్లు

ప్రభుత్వం కట్టని చోట సంత మొదలవుతుంది. పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట దాకా నడిస్తే ఆరు నెలల్లో మాట, ఏడాదిలో మామూలు బడి అని హామీలిచ్చే బోర్డులు కనిపిస్తాయి. మందులు, సెలైన్లు, మూలకణాలు. ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయడం లేదని, ప్రచారం చేయడం వృత్తి నియమాల ఉల్లంఘనేనని నేషనల్ మెడికల్ కమిషన్ నైతిక నియమావళి బోర్డు 2022 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. అయినా పొలం అమ్మి లక్షలు కట్టినవాళ్లున్నారు. వాళ్లను అమాయకులని తీసిపారేయలేం. దగ్గరలో ప్రభుత్వ గది ఒకటి ఉండి, అక్కడో థెరపిస్టు 'ఇది పనికొస్తుంది, అది పనికిరాదు' అని చెప్పి ఉంటే ఆ పొలం మిగిలేది. థెరపీకి ప్రభుత్వం కట్టాలనడానికి ఇదీ ఒక పెద్ద కారణం. డబ్బు కట్టేవాళ్లకే ఏది వైద్యం, ఏది కాదు అని అడిగే అధికారం వస్తుంది.

కోర్టులో ఓడి, ఖజానాలో గెలిచి

మన కంటే ముందు ఈ పోరాటం చేసిన తల్లిదండ్రులు ఉన్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కొన్ని కుటుంబాలు ప్రభుత్వం మీద కేసు వేశాయి. ఒక పిల్లాడి ఇంటిపేరు మీద అది 'ఆటన్' కేసుగా పేరుపడింది. చిన్న పిల్లలకు ఇచ్చే బిహేవియర్ థెరపీ ఖర్చు భరించకపోవడం వివక్ష అని వాళ్ల వాదన. 2000లో అక్కడి కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2004 నవంబరు 19న కెనడా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏ సేవకు డబ్బివ్వాలో తేల్చాల్సింది చట్టసభ అంది. కేసు ఓడిపోయింది, కానీ ఈలోపే జనం అభిప్రాయం మారింది. ఆ రాష్ట్రమే ఆ తర్వాత ఆరేళ్ల లోపు పిల్లలకు ఏడాదికి 22,000 డాలర్ల దాకా ఇవ్వసాగింది.

అమెరికాలో దారి వేరు. దక్షిణ కెరొలినాలో లోరీ ఉనంబ్ అనే న్యాయవాది, ఆటిజం ఉన్న పిల్లాడి తల్లి, బీమా కంపెనీలు థెరపీ ఖర్చు ఇవ్వాలని తానే బిల్లు రాసుకుంది. గవర్నర్ వీటో చేస్తే 2007లో చట్టసభ ఆ వీటోను తిరగగొట్టి చట్టం చేసింది. ఆమె కొడుకు పేరు మీద అది 'ర్యాన్స్ లా' అయింది. 2001లో ఇండియానాతో మొదలై 2019 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో బీమా రక్షణ వచ్చింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆటిజం ఉన్న పిల్లలున్నవాళ్లు సొంతూరికి తిరిగి రావాలని ఉన్నా ఆగిపోవడానికి ఈ రక్షణ కూడా ఒక కారణం.

ఆటన్ కేసులో ఇంకో గొంతు కూడా ఉంది. అది మనం వినాలి. మిషెల్ డాసన్ అనే ఆటిస్టిక్ మహిళ కోర్టు ముందుకొచ్చి, మా తరఫున మాట్లాడుతున్నవాళ్లలో మేమే లేము అంది. మమ్మల్ని మరొకరిలా మార్చడమే వైద్యమా అని ప్రశ్నించింది. మన దగ్గర థెరపీకి డబ్బు అడిగేటప్పుడు ఈ ప్రశ్నను పక్కన పెట్టకూడదని నా నమ్మకం. పిల్లాడు చెయ్యి ఊపడం మానేశాడా అని కాదు, తనకేం కావాలో చెప్పగలుగుతున్నాడా అని కొలవాలి. మాటతోనో, బొమ్మల కార్డుతోనో, ట్యాబ్‌తోనో, ఎలాగైనా సరే. భయపెట్టి, కొట్టి కూర్చోబెట్టే చోటికి ఒక్క రూపాయి కూడా వెళ్లకూడదు.

> హైదరాబాద్ కూడా ఉన్న సర్వే
>
> రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మీద దేశంలో ఐదు చోట్ల జరిగిన ఇన్‌క్లెన్ అధ్యయనం 2018లో వెలువడింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. ఆటిజం, మూర్ఛ, వినికిడి లోపం, బుద్ధిమాంద్యం వంటి నాడీ వికాస సమస్యల్లో కనీసం ఒకటి ఉన్న పిల్లలు దాదాపు ఎనిమిది మందిలో ఒకరని తేలింది.
>
> అమెరికాలో 2022లో ఎనిమిదేళ్ల వయసున్న పిల్లల లెక్కలు చూస్తే 31 మందిలో ఒకరికి ఆటిజం గుర్తించారు. 2000లో అది 150 మందిలో ఒకరు. గుర్తించడం పెరగడం ఇందుకు పెద్ద కారణం.

మనుషులెక్కడ?

డబ్బిస్తే సరిపోతుందా, థెరపిస్టులు ఉండొద్దా అనేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. స్పీచ్ థెరపిస్టుల కొరత నిజం. ఉన్నవాళ్లూ ఎక్కువగా నగరంలోనే ఉన్నారు. అయితే దీనికి సమాధానాలు మన చేతిలోనే కొన్ని ఉన్నాయి. ఇలాంటి పిల్లల కోసం మండలాల్లో 'భవిత' కేంద్రాలున్నాయి, వాటిలో ఐఈఆర్‌పీలు అనే ప్రత్యేక టీచర్లు ఏళ్లుగా తక్కువ జీతానికి పనిచేస్తున్నారు. ప్రాథమిక తరగతుల్లో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో చెప్పింది. పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 టీచర్ పోస్టుల్లో 1,016 ప్రత్యేక విద్యకు కేటాయించారు. ఇది మొదలు.

తల్లిదండ్రులకే నేర్పే దారీ ఉంది. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగిన ఒక ప్రయోగంలో స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలే ఇంటికి వెళ్లి, పిల్లతో ఎలా ఆడాలో, ఎలా స్పందించాలో తల్లిదండ్రులకు నేర్పారు. అది సాధ్యమేనని, తల్లీబిడ్డల మధ్య స్పందన మెరుగుపడిందని 2016లో లాన్సెట్ సైకియాట్రీ ప్రచురించింది. మన ఆశా కార్యకర్తలను, అంగన్‌వాడీ టీచర్లను తలచుకుంటే ఇది ఊహకు అందని పనేం కాదు. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. అమ్మకు నేర్పాం కాబట్టి ఇక అమ్మే చూసుకుంటుందని ప్రభుత్వం చేతులు దులుపుకోవచ్చు. అమ్మ ఇప్పటికే చాలా మోస్తోంది. ఇంటి సాధన థెరపీ గంటలకు తోడు కావాలి తప్ప వాటికి బదులు కారాదు.

ప్రైవేటు కేంద్రాలకు రీయింబర్స్‌మెంట్ ఇస్తే చాలనే వాదనతోనూ నేను ఏకీభవించను. అప్పుడు డబ్బంతా కేంద్రాలున్న అమీర్‌పేట, పంజాగుట్టలకే వస్తుంది. ఆదిలాబాద్ తల్లి ఎప్పటిలాగే గది అద్దెకు తీసుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో గదులు, వాటిలో జీతం మీద పనిచేసే థెరపిస్టులు, అవి వచ్చేదాకా గుర్తింపున్న ప్రైవేటు కేంద్రాలకు సిట్టింగుల లెక్కన ప్యాకేజీ. ఈ వరసే న్యాయంగా తోస్తుంది. అమీర్‌పేటలో ప్రభుత్వాసుపత్రి ఉంది. అక్కడ రెండు గదులతో మొదలుపెట్టినా, మెట్రో దిగి వచ్చే వందల కుటుంబాలకు అదే మొదటి చిరునామా అవుతుంది.

అడగాల్సిన చోటు కూడా ఎంతో దూరం లేదు. పంజాగుట్ట దాటగానే బేగంపేటలో ప్రజాభవన్. మంగళ, శుక్రవారాల్లో అక్కడ ప్రజావాణి జరుగుతుంది. ఆటిజం ఫైలుకున్న చిక్కేమిటంటే అది ఒక శాఖది కాదు. థెరపీ ఆరోగ్యశాఖది, పింఛను గ్రామీణాభివృద్ధి శాఖది, బడి విద్యాశాఖది. అందుకే అర్జీ ఇచ్చిన ప్రతిసారీ అది ఆ బల్ల మీద నుంచి ఈ బల్ల మీదకు తిరుగుతుంది. ఆరోగ్యశ్రీ జాబితాలో ఆటిజం థెరపీని సిట్టింగుల లెక్కన చేర్చడానికి ఆరోగ్యశాఖ నుంచి ఒక్క జీవో వస్తే చాలు. కాక్లియర్ ఇంప్లాంట్ తర్వాతి థెరపీకి రాసిన నమూనా ఆ శాఖ దగ్గరే సిద్ధంగా ఉంది. ఈసారి వరండాలోని తల్లులు, వాళ్ల శనివారపు బస్సు నాన్నలు వేర్వేరుగా కాకుండా ఒక్క అర్జీతో, ఒకే శాఖ పేరు మీద వెళ్లాలి. యూడీఐడీ కార్డు నకలు, ఏడాది థెరపీ బిల్లులు, కాక్లియర్ ప్యాకేజీ వివరం దానికి జత చేసి రసీదు తీసుకోవాలి.